ఫోర్ లో వేస్తే స్పీడ్ మీటర్‌కి పిచ్చి పడుతోంది, మూడో సెన్సార్ కొనాలా?

గట్టుమీద_జీపు (అల్లూరు మండలం, నెల్లూరు జిల్లా)

అన్నలకి నమస్తే. మాది ఇస్కపల్లి వైపు, రొయ్యల గుంటలు. మేత బస్తాలు, డీజిల్ క్యాన్లు, ఏరియేటర్ మోటార్లు గట్ల మీదకి తోలడానికి నాన్న కాలం నాటి మహీంద్రా ఎంఎం 540 ఉంది. ఫోర్ వీల్ డ్రైవ్. వాన పడితే మా గట్లు ఎలా ఉంటాయో ఈ వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, సబ్బు రాసినట్టే. అప్పుడు ట్రాక్టర్ తర్వాత నమ్మేది దీన్నే.

పాత ఇంజన్ పోయిన ఏడాది చేతులెత్తేసింది. నెల్లూరులో ఒక షెడ్డులో, యాక్సిడెంట్ అయిన టూ వీల్ డ్రైవ్ స్కార్పియో నుంచి సీఆర్‌డీఈ డీజిల్ ఇంజన్, గేర్‌బాక్స్, వైరింగ్, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్), మీటర్ మొత్తం దించి దీనికి ఎక్కించాం. గేర్‌బాక్స్ తోక భాగం తీసేసి, లేత్ మీద అడాప్టర్ చేయించి, దానికి జీపు పాత ట్రాన్స్‌ఫర్ కేసునే (ముందు, వెనక చక్రాలకి పవర్ పంచే పెట్టె, హై, లో మార్చేది ఇందులోనే) తగిలించారు. బండి బ్రహ్మాండంగా లాగుతోంది. గోలంతా స్పీడ్ మీటర్‌తోనే.

హైవే మీద టూ హైలో (వెనక చక్రాలకే పవర్, మామూలు గేరింగ్) ఫోన్ జీపీఎస్ 60 చూపిస్తే మీటర్ 65 అంటుంది. సరే, కొంచెం తేడా ఉంటే ఉందిలే అనుకున్నా. గట్టు మీద ఫోర్ లో (నాలుగు చక్రాలకీ పవర్, మెల్లగా బలంగా లాగే గేరింగ్) వేస్తే మాత్రం కథ మారిపోతుంది. జీపీఎస్ 8 అంటే మీటర్ 21. జీపీఎస్ 12 అంటే మీటర్ 32. పక్కన సైకిల్ మీద వచ్చే మనిషి బండిని దాటి పోతుంటాడు, మీటర్ చూస్తే కావలి బస్సు స్పీడు!

షెడ్డు వాళ్లు సెన్సార్ పాడైందన్నారు. కొత్తది వేయించా, 1,400. అదే కథ. అది డూప్లికేట్ అని ఇంకోటి వేశారు. మళ్లీ అదే. విసుగొచ్చి ఒకరోజు సెన్సార్ ప్లగ్ పీకేశా. మీటర్ సున్నా మీద పడుకుంది, ఇంజన్ లైట్ వెలిగింది, స్కానర్ పెడితే పీ0500 (స్పీడ్ సెన్సార్ లోపం కోడ్) అని వచ్చింది. మళ్లీ పెట్టేశా. ఇప్పుడు మూడోది తెప్పిస్తామంటున్నారు. కొనమంటారా?

ఇంకో మాట, నవ్వొద్దు. మైలేజీ మాత్రం లీటర్‌కి 19 వస్తోంది. గట్ల మీద తిరిగే జీపుకి!

కావలి_టర్బో

తమ్ముడూ, ఉప్పు గాలి, ఉప్పు నీళ్లు, ఉప్పు బురద. మీ వైపు కనెక్టర్లు ఆరు నెలలు కూడా ఆగవు. ప్లగ్ విప్పి చూడు, పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. స్ప్రే కొట్టి గ్రీజు పెట్టు. అప్పటికీ తగ్గకపోతే ఒక జీపీఎస్ స్పీడ్ మీటర్ కొని డ్యాష్‌బోర్డు మీద అతికించుకో, ఈ సెన్సార్ల గొడవే ఉండదు. అన్నట్టు ఆర్‌సీలో ఇంజన్ మార్పు ఎక్కించావా? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అని ఒకటుంది, అది చూసుకో ముందు.

గట్టుమీద_జీపు

ప్లగ్ శుభ్రంగానే ఉందన్నా, చూశా. ఆర్‌టీవో ఆఫీసులో ముందే అనుమతి తీసుకుని ఇంజన్ నంబర్ ఎక్కించా. దానికి తిరిగిన తిరుగుడు ఇంకో పోస్టు అవుతుంది.

వైరింగ్_మాస్టర్ (ఒంగోలు)

అబ్బయా, సెన్సార్ కొనబాకు. ఇప్పటిదాకా కొన్న రెండూ కూడా మంచివే అయ్యుంటాయి.

నేను ముప్పై ఏళ్లకి పైగా ఆటో ఎలక్ట్రికల్ పనిలో ఉన్నా. ఎక్కువ భాగం చీమకుర్తి క్వారీ బండ్ల మీదే గడిచింది. ఇంజన్లు మార్చిన జీపుల్లో మీటర్ తేడా వస్తే పది మందిలో తొమ్మిది మంది సెన్సార్ మారుస్తారు. సెన్సార్ ఎక్కడ కూర్చుని లెక్కపెడుతోందో వంగి చూసేవాడు ఒక్కడు.

స్పీడ్ సెన్సార్ అని పేరే గానీ దానికి స్పీడ్ ఏంటో తెలియదు. దాని మూతి ముందు ఒక పళ్ల చక్రం తిరుగుతుంది. ఒక్కో పన్ను దాటినప్పుడల్లా ఒక టిక్కు పంపిస్తుంది, అంతే. సెకనుకి ఇన్ని టిక్కులు వస్తే ఇంత స్పీడు అని కంపెనీలో ఈసీయూకి ఒక లెక్క నేర్పి పంపుతారు. ఆ చక్రానికీ టైరుకీ మధ్య ఏముందో దానికి అక్కర్లేదు. ఏదీ మారదనుకుని నేర్పిన లెక్క అది.

టూ వీల్ డ్రైవ్ బండిలో గేర్‌బాక్స్ తోకలోంచి వచ్చే షాఫ్టుకే నేరుగా ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనక చక్రాలకి పవర్ తీసుకెళ్లే కడ్డీ) తగిలిస్తారు. కాబట్టి సెన్సార్‌ని తోకలో పెట్టినా ఒకటే. నీ జీపులో ఆ రెండింటి మధ్యకి ట్రాన్స్‌ఫర్ కేసు వచ్చి కూర్చుంది. హైలో లోపలికి ఒక చుట్టు వెళ్తే బయటికి ఒక చుట్టు వస్తుంది, ఇబ్బంది లేదు. లోలో అలా కాదు, గేర్‌బాక్స్ షాఫ్టు రెండున్నర చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. సెన్సార్ ట్రాన్స్‌ఫర్ కేసు కంటే ముందు ఉంటే ఆ రెండున్నర చుట్లూ లెక్కపెట్టేస్తుంది.

ముందు ఉందని నాకెలా తెలుసు? నువ్వు రాసిన అంకెలే చెప్తున్నాయి. కాగితం తీసుకో. హైవే మీద 65ని 60తో భాగిస్తే 1.083. అది నీ బండికి ఎప్పుడూ ఉండే తేడా, దాని సంగతి తర్వాత. ఫోర్ లోలో 32ని 12తో భాగిస్తే 2.667. ఇప్పుడు 2.667ని 1.083తో భాగించు. 2.46 వస్తుంది. ఆ పాత జీపుల్లో ఉండే డానా 18 ట్రాన్స్‌ఫర్ కేసు లో రేషియో ఎంతో తెలుసా? 2.46. పాడైన సెన్సార్ ఇంత శుభ్రంగా తప్పు చెప్పదు. పాడైతే ఊగుతుంది, ఆగుతుంది, ఉన్నట్టుండి సున్నా కొడుతుంది.

నీ 19 మైలేజీ కూడా అక్కడి నుంచే వచ్చింది. లోలో కిలోమీటర్ నడిస్తే నీ మీటర్ రెండున్నర దాటించి రాసుకుంటోంది.

ఇంకా అనుమానం ఉంటే పైసా ఖర్చు లేని పరీక్ష చెప్తా. చదును నేల మీద బండి ఆపి, నాలుగు టైర్లకీ ముందూ వెనకా రాళ్లు పెట్టు. హ్యాండ్ బ్రేక్‌ని నమ్ముకోబాకు. ట్రాన్స్‌ఫర్ లివర్ న్యూట్రల్‌లో వెయ్యి, గేర్‌బాక్స్ రెండో గేర్‌లో వేసి క్లచ్ వదులు. ఇంజన్ తిరుగుతుంది, బండి కదలదు. మీటర్ లేస్తే సెన్సార్ ట్రాన్స్‌ఫర్ కేసుకి ముందున్నట్టు. లేవకపోతే నేను చెప్పిందంతా తప్పు, మూడో సెన్సార్ డబ్బులు నేనిస్తా.

గట్టుమీద_జీపు

మాస్టారూ, మీ డబ్బులు మిగిలాయి.

పొద్దున్నే షెడ్డు ముందు రాళ్లు పెట్టి మీరు చెప్పినట్టే చేశా. కొంచెం రేజ్ చేసేసరికి ముల్లు లేచి 20 దాటింది. మూడో గేర్‌లో వేస్తే 35కి పోయింది. టైరు ఇంచు కదల్లేదు. మా గుంటల కాపలా పెద్దాయన పక్కనే వేపపుల్ల నములుతా చూస్తున్నాడు. "నిలబడే నెల్లూరు పోయేటట్టుందే" అన్నాడు.

కిందకి దూరి చూశా. అడాప్టర్ చేయించినప్పుడు స్కార్పియో తోకలో ఉన్న 8 పళ్ల రింగునే తెచ్చి అడాప్టర్ లోపల షాఫ్టు మీద ఎక్కించారు. సెన్సార్ మూడు వైర్లది. ఇంకోటి కూడా కనిపించింది. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక వైపు పాత స్పీడో కేబుల్ ఉండే చోట బోల్టు బిగించి మూసేశారు. ఆ చోటు వాడుకోవచ్చా?

వైరింగ్_మాస్టర్ (ఒంగోలు)

ఆ బోల్టు చూశావు కదా, అదే అసలు చోటు. జీపు కంపెనీ వాళ్లు కేబుల్‌ని గేర్‌బాక్స్ నుంచి తీయకుండా ట్రాన్స్‌ఫర్ కేసు వెనక నుంచి తీసింది ఇందుకే. హై వేసినా లో వేసినా అక్కడ షాఫ్టు చక్రంతోనే తిరుగుతుంది.

కానీ నీ పనికి అది కొంచెం తలనొప్పి. కేబుల్ చోట బిగించే చిన్న పల్స్ సెన్సార్లు దొరుకుతాయి, చుట్టుకి 4 టిక్కులిచ్చేవి, 8 ఇచ్చేవి. ఆ పాత మీటర్లు అమెరికా లెక్కలో చేసినవి, కేబుల్ మైలుకి 1,000 చుట్లు తిరగాలి. అంటే కిలోమీటర్‌కి 620 దాకా. ఎనిమిదితో గుణించినా 5,000 టిక్కులు రావు. మరి నీ ఈసీయూకి ఎన్ని కావాలి? నీ టైరు సైజు ఎంత, క్రౌన్ రేషియో (చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క) ఎంత?

గట్టుమీద_జీపు

టైర్లు 235/75 ఆర్ 15. క్రౌన్ 4.88 అని షెడ్డు వాళ్లు చెప్పారు. సుద్దతో గీత గీసి తిప్పి చూడమన్నారు గానీ లెక్క కుదరట్లేదు, ఒక చక్రం జాకీ ఎత్తి ఒక చుట్టు తిప్పితే షాఫ్టు రెండున్నర కూడా తిరగట్లేదు.

వైరింగ్_మాస్టర్ (ఒంగోలు)

ఒక్క చక్రమే ఎత్తితే అంతే వస్తుంది. రెండో చక్రం నేల మీద ఆగి ఉంటే డిఫరెన్షియల్ సగం తినేస్తుంది. ఆ చక్రాన్ని రెండు చుట్లు తిప్పి షాఫ్టు చుట్లు లెక్కపెట్టు, ఐదుకి కాస్త తక్కువ వస్తే 4.88 నిజమే.

ఆ సైజు టైరు కిలోమీటర్‌కి సుమారు 445 చుట్లు తిరుగుతుంది. దాన్ని 4.88తో గుణిస్తే షాఫ్టు చుట్లు 2,170 చిల్లర. రింగుకి 8 పళ్లు కాబట్టి 17,400 టిక్కులు. అన్ని వస్తే మీటర్ 60 బదులు 65 చూపిస్తోంది, అంటే ఈసీయూ అడిగేది 16,000 చుట్టూ. స్కార్పియో క్రౌన్, టైర్లు వేరు, నీవి వేరు. ఆ 8 శాతం తేడా అక్కడిది.

ఇప్పుడు చెప్పు, కేబుల్ చోటు నుంచి వచ్చే 5,000 లోపు టిక్కుల్ని 16,000 చెయ్యాలంటే మధ్యలో ఒక పల్స్ కన్వర్టర్ డబ్బా పెట్టి మూడింతలు పెంచాలి. ఎక్కువ టిక్కుల్ని తగ్గించడం ఆ డబ్బాకి తేలిక. తక్కువ వాటిని పెంచాలంటే రెండు టిక్కుల మధ్య కాలాన్ని కొలిచి ఊహించాలి. నువ్వేమో గట్టు మీద 5లో పోతావు. ముల్లు వణుకుతుంది.

అందుకని నా సలహా ఒక్కటే. అదే సెన్సార్, అన్నే పళ్లు, చోటు ఒక్కటి మార్చు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక అవుట్‌పుట్ దగ్గర నీ జీపుకి హ్యాండ్ బ్రేక్ డ్రమ్ము ఉంటే దాని మీద, లేకపోతే యోక్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ తగిలే ముక్క) మీద, 8 పళ్ల రింగు చేయించి బిగించు. హైలో ఒకటికి ఒకటే కాబట్టి ఈసీయూకి ఇప్పుడొచ్చే లెక్కే వస్తుంది. లోలో సరైన లెక్క వస్తుంది. కన్వర్టర్ అక్కర్లేదు.

8 శాతం సరి చేద్దామని రింగుకి 7 పళ్లు కోయించబాకు. అప్పుడు 60కి 57 చూపిస్తుంది. మీటర్ ఎక్కువ చూపిస్తే లేటుగా పోతావు, తక్కువ చూపిస్తే నీకు తెలియకుండా స్పీడుగా పోతావు. పంటి పంటికి తేడా అంత పెద్దది, 8 శాతం దాంతో సరిపడదు.

చేయించేటప్పుడు చూసుకోవాల్సినవి చెప్తా. రింగు మామూలు ఇనుముదే ఉండాలి. నీ మూడు వైర్ల సెన్సార్ హాల్ రకం, లోపల అయస్కాంతం ఉంటుంది, ఇనుప పన్ను దగ్గరికొస్తేనే దానికి తెలుస్తుంది. ఉప్పు గాలికి తుప్పు పట్టదని స్టెయిన్‌లెస్ మీద మోజు పడితే, బజార్లో దొరికే రకాల్లో చాలావాటికి అయస్కాంతం అంటదు, పళ్లున్నట్టే దానికి తెలియదు. ఇనుముతో చేయించి రంగు వెయ్యి. పంటికీ సెన్సార్‌కీ మధ్య ఒక మిల్లీమీటర్ సందు. రింగు వంకర లేకుండా తిరగాలి, లేకపోతే చుట్టుకి రెండు పళ్లు తప్పిపోతాయి.

సెన్సార్ బ్రాకెట్‌ని ట్రాన్స్‌ఫర్ కేసు బాడీకే వెయ్యాలి. ఛాసీకి వేశావో చచ్చావు. ఇంజన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు అన్నీ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంటాయి, ఛాసీ ఊగదు. ఆ ఒక్క మిల్లీమీటర్ సందు గేర్ వేసినప్పుడల్లా మారిపోతుంది. షాఫ్టు మధ్యలో కూడా వద్దు, అది సస్పెన్షన్‌తో పాటు పైకీ కిందకీ పోతుంది. ముందు అవుట్‌పుట్ అసలే వద్దు, టూ హైలో దానికి ఇంజన్‌తో పనే లేదు, ఫ్రీ వీల్ హబ్బులు (ముందు చక్రాలని షాఫ్టు నుంచి విడదీసేవి) వదిలేసి ఉంటే పూర్తిగా ఆగిపోతుంది.

వైర్లు మూడు: సప్లై, ఎర్త్, సిగ్నల్. ఎర్త్‌ని దగ్గర్లో ఉన్న ఏదో తుప్పు బోల్టుకి కట్టకుండా పాత వైరింగ్ ఎర్త్‌లోనే కలుపు. సిగ్నల్ వైరుకి మల్టీమీటర్ పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి, షాఫ్టుని చేత్తో నెమ్మదిగా తిప్పు. వోల్టేజీ సున్నాకీ పైకీ దూకాలి, చుట్టుకి ఎనిమిది సార్లు. దూకకుండా ఒకేచోట నిలబడిపోతే సందు ఎక్కువై ఉండొచ్చు.

రెండు వైర్ల సెన్సార్ ఎవరైనా ఇస్తే తీసుకోబాకు. అది ఉత్త తీగచుట్టా, అయస్కాంతం. పన్ను వేగంగా దాటితేనే కరెంటు పుడుతుంది, మెల్లగా దాటితే ఏమీ రాదు. చీమకుర్తిలో ఒక క్వారీ ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌కి అలాంటిదే తగిలించారు. లోతు క్వారీ నుంచి ర్యాంపు ఎక్కేటప్పుడు మీటర్ చచ్చిపడి ఉండేది, పైకొచ్చి స్పీడందుకోగానే బతికేది. డ్రైవర్ దానికి భయపడే మీటరని పేరు పెట్టాడు. ఆ బండికే ఇంకోసారి స్పీడ్ గవర్నర్ తెచ్చిన తిప్పలు వేరే ఉన్నాయి. సెన్సార్ ట్రాన్స్‌ఫర్‌కి ముందుండేది, లోలో 33కి వస్తే గవర్నర్ 80 అనుకుని నొక్కేసేది. లోడుతో ర్యాంపు మధ్యలో.

ఒక్క హెచ్చరిక. నీ ఈసీయూ టూ వీల్ డ్రైవ్ బండిది. లో గేర్లు అనేవి ఉంటాయని దానికి తెలియదు. ఇప్పటిదాకా ఇంజన్ తిరిగే లెక్కకీ స్పీడుకీ పొత్తు కుదిరింది, సెన్సార్ వెనక్కి మార్చాక లోలో కుదరదు. ఫ్యాక్టరీ ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో లో వేసినట్టు ఈసీయూకి చెప్పడానికి ఒక స్విచ్ ఉంటుంది. కొన్ని ఈసీయూలు పట్టించుకోవు, కొన్ని లైట్ వెలిగిస్తాయి. నీది ఏం చేస్తుందో నడిపి చూడు.

ఉదయగిరి_జిప్సీ

మాస్టారు చెప్పిందానికి చిన్న తోక. జిప్సీ వాళ్లు ఇది చదివి రింగు కోయించుకోవద్దు. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్స్‌కి అంటుకుని ఉండదు, మధ్యలో పొట్టి షాఫ్టుతో విడిగా ఉంటుంది. హై కూడా ఒకటికి ఒకటి కాదు, 1.409. లో 2.268. కాబట్టి గేర్‌బాక్స్ దగ్గర లెక్కపెడితే హైలోనే తప్పు మొదలవుతుంది.

నా ఎంపీఎఫ్‌ఐ (పెట్రోల్ ఇంజెక్షన్) జిప్సీలో సెన్సార్ కింద ఎక్కడా లేదు, మీటర్ వెనకే ఉంది. కేబుల్ మీటర్‌ని తిప్పుతుంది, మీటర్ లోపల చిన్న రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే స్విచ్) చుట్టుకి నాలుగు సార్లు టిక్కుమంటుంది. దుర్గం ఎక్కే దారిలో ఒకసారి కేబుల్ తెగింది. ముల్లు పడిపోయింది, వెనకే ఇంజన్ లైటూ వచ్చింది. నేను రెండు రోగాలనుకున్నా. ఒకటే రోగం.

గట్టుమీద_జీపు

మూడు వారాలైంది, రొయ్యల పట్టుబడిలో పడి రాయడం కుదర్లేదు. పని అయిపోయింది.

రింగు నెల్లూరులో కోయించా, ఇనుముదే, హ్యాండ్ బ్రేక్ డ్రమ్ము బోల్టులకే బిగించారు. మీరు అంత చెప్పినా షెడ్డు కుర్రాడు బ్రాకెట్‌ని ఛాసీకే వెల్డింగ్ కొట్టాడు, "ఏం కాదులే అన్నా, గట్టిగా ఉంటుంది" అని. గట్టిగానే ఉంది. క్లచ్ వదిలిన ప్రతిసారీ ముల్లు ఎగిరి పడేది. మర్నాడు కోసి ట్రాన్స్‌ఫర్ కేసు బోల్టుకి మార్చాం. మల్టీమీటర్ పెట్టి షాఫ్టు తిప్పితే ఎనిమిది సార్లు చక్కగా దూకింది, మా పెద్దాయన పక్కన కూర్చుని లెక్కపెట్టాడు.

ఇప్పుడు హైలో 60కి 65, అది మారలేదు, వదిలేశా. లోలో 8కి 9 చూపిస్తోంది, 12కి 13. ట్రాన్స్‌ఫర్ న్యూట్రల్‌లో వేసి రేజ్ చేస్తే ముల్లు లేవట్లేదు. ఇంజన్ లైట్ ఇప్పటికైతే రాలేదు.

మైలేజీ మాత్రం 19 నుంచి 11కి పడింది. సెన్సార్ బాగు చేయించానని నాన్నకి చెప్తే, "బాగు చేయిస్తే తగ్గడమేందిరా" అని రెండు రోజుల నుంచి షెడ్డు వాళ్లని తిడతా ఉన్నాడు.